బాపు మూసేసిన ప్రకటనలు

ఏ వెబ్‌సైటు తెరిచినా కింద నుంచి ఒక పెట్టె లేచి, "మీ గోప్యత మాకు ముఖ్యం. మేము కుకీలు వాడతాము" అంటూ అడ్డం పడుతుంది చూడండి, దాన్ని తయారుచేసి అన్నం తినేవాళ్లలో నేనూ ఒకదాన్ని. పేట్ బషీరాబాద్‌లో హైవే పక్కన, టైల్స్ షాపు పైన మా ఆఫీసు. "అన్నిటినీ అంగీకరించు" అన్న బటన్ ఆకుపచ్చగా, పెద్దగా, బొటనవేలు తనంతట తానే పోయి తగిలే చోట ఉండాలి. "వద్దు" అన్నది బూడిదరంగులో, సన్నటి అక్షరాల్లో, ఇంకో రెండు పేజీల లోపల దాక్కోవాలి. ఎంత ఎక్కువమంది ఆకుపచ్చ నొక్కితే మేం అంత బాగా పని చేసినట్టు. ఈ విద్యలో నేను ఆరితేరాను, అబద్ధమెందుకు. జనం చదవరు, నొక్కేసి పోతారు, ఇందులో మునిగిపోయేదేముంది అనుకునేదాన్ని.

మా ఇల్లు మేడ్చల్‌లో. బాపుకు, అంటే మా నాన్నకు, ఒకప్పుడు పొలం ఉండేదట. నాకు ఊహ తెలిసేసరికే అది ప్లాట్లయి, ఆ ప్లాట్లు ఇళ్లయిపోయాయి. తర్వాత ఆయన ఇతరుల ప్లాట్లు అమ్మిపెట్టే పనిలోకి దిగాడు. శామీర్‌పేట చుట్టుపక్కల ఆయన కాలు పెట్టని వెంచర్ లేదు. నేను కొత్త లాప్‌టాప్ కొనుక్కున్నప్పుడు పాతది ఆయనకిచ్చి, భూముల ప్రకటనలు వచ్చే ఒక సైటులో ఖాతా తెరిచిపెట్టాను. ఒంటి వేలితో టక్కుటక్కుమని కొట్టుకుంటూ రెండు వారాల్లో నేర్చేసుకున్నాడు. పాస్‌వర్డ్ మాత్రం చెప్పిన రోజే మరిచిపోయాడు.

మొదటి వారంలోనే నన్ను కేకేశాడు.

"ఏంది బిడ్డా, ఏది తెరిసినా గీ డబ్బా అడ్డమొస్తాంది? ఒప్పుకుంటవా, ఒప్పుకుంటవా అని పానం దీస్తాంది."

"నేను జేసేది గా డబ్బలే బాపు."

ఆయన కళ్లజోడు సర్దుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "గిందుకా నిన్ను ఇంజినీరింగ్ సదివిపిచ్చింది?"

నవ్వొచ్చింది. పక్కన కుర్చీ వేసుకుని చెప్పాను. "కుకీ అంటే ఓ చిట్టీ అనుకో. నువ్వు ఆ సైటుకు పోంగనే నీ జేబుల ఓ చిట్టీ పెడ్తది. మల్ల పోతె ఆ చిట్టీ సూసి, ఓహో నిన్నటాయనే అని లోపలికి రానిస్తది."

"మంచిదే గదా. లేకుంటె రోజు పాస్‌వర్డ్ అడుగుతుండె. నాకు యాదుండి సస్తదా?"

"గది మంచి చిట్టీనే. ఇంకో రకం ఉంటది. అది ఆ సైటోళ్లది గాదు, ప్రకటనలోళ్లది. వాళ్లు అన్ని సైట్లల్ల కూసోనుంటరు. ఈడ నువ్వు ఏం సూసినవో ఆ చిట్టీ తోని పట్టుకొని, ఇంకోకాడికి వోతె ఆడ గదే సూపెడ్తరు. నీ పేరు గూడ వాళ్లకు అక్కర్లే."

బాపు కుర్చీలో వెనక్కి వాలాడు. "గిదేం కొత్త ముచ్చట? నేను జేసేది గదే గదా. పార్టీని వెంచర్‌కు తీస్కపోతె నేను వాని మాటలు ఇనను. వాని కాళ్లు సూస్త. వద్దు వద్దు అనుకుంటనే ఏ ప్లాటు ముంగట మస్తుసేపు నిలవడ్డడో, తెల్లారి గా ప్లాటు గురించే ఫోన్ జేస్త. మనిషి నోరు అబద్ధమాడ్తది గని కాళ్లు ఆడయి."

నా ఉద్యోగాన్ని అంత సులువుగా అర్థం చేసుకున్నవాళ్లు మా మేనేజర్‌తో సహా ఇంకెవరూ లేరు. ఆ పూట అమ్మకు కూడా గర్వంగా చెప్పాను.

ఆ ఎండాకాలం బాపు చిక్కిపోయాడు. ప్యాంటు నిలవక బెల్టుకు మేకుతో కొత్త బెజ్జాలు పొడుచుకున్నాడు. నడుము నొప్పంటే స్కూటర్ మీద తిరుగుడు వల్లే అనుకున్నాం. చివరికి స్కానింగ్ తీయించాక, డాక్టర్ ఆయన్ను బయట కూర్చోబెట్టి అమ్మనూ నన్నూ లోపలికి పిలిచాడు. క్లోమంలో క్యాన్సర్, కాలేయానికి కూడా పాకింది, ఆపరేషన్ వల్ల లాభం లేదు, నొప్పి తెలియకుండా చూసుకోవడమే అన్నాడు. ఎన్నాళ్లని నేనే అడిగాను. ఆరు నెలలన్నాడు.

బయటికి రాగానే అమ్మ నా మణికట్టు పట్టుకుని మెట్ల వైపు లాక్కుపోయింది.

"కడుపుల పుండు అని జెప్పాలె. గంతే. గీ పేరు ఆయన చెవుల వడొద్దు."

"ఎప్పటికన్న తెలుస్తది గదమ్మా."

"మీ పెద్దబాపును మరిసినవా?"

మరవలేదు. పెద్దబాపు అంటే బాపు అన్న. ఆయనకూ ఇలాంటి జబ్బే వచ్చినప్పుడు, మొగుడి దగ్గర దాపరికమేమిటని పెద్దమ్మ ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన ఆ పూట నుంచే ముద్ద ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నవాడు పడుకున్నట్టే మూడు వారాల్లో పోయాడు. జబ్బు కాదు, ఆ మాటే చంపిందని మా వాళ్లందరి నమ్మకం. పెద్దమ్మ నమ్మకం మరీను.

"ఆయనకు తెలిసిన్నాడే నాకు ఆయన లేనట్టు" అంది అమ్మ. "నోరు జారినవంటె బిడ్డవని గూడ సూడ."

సరే అన్నాను. నాకు ఏడుపు రాలేదు. మందుల కిటికీ దగ్గర వరుసలో నిలబడి, ముందున్నామె చెప్పుల మీది పూసలు చూస్తూ ఉండిపోయాను. బాపు "ఏమన్నడు?" అని అడిగితే, "కడుపుల పుండు బాపు, కారం తినొద్దన్నడు" అని గడగడా అప్పజెప్పేశాను. "గంతేనా? దీనికింత పరేషాన్ జేసిన్రు" అని ఆయన ఆటో పిలిచాడు.

ఆ ఆదివారం నా లాప్‌టాప్ ఆఫీసులో ఉండిపోయింది. రిపోర్టులో ముక్క అర్థం కావడం లేదు, ఫోన్‌లో చదివి చదివి కళ్లు లాగేస్తున్నాయి. బాపు తిని పడుకున్నాడు. ఆయన లాప్‌టాప్ తెరిచాను. ఒక ఆస్పత్రి సైటు, ఇంకో ఆస్పత్రి సైటు, ఎవరో కూతురు తన తండ్రి చివరి రోజుల గురించి రాసుకున్న పేజీ. ఏం పెడితే తింటారు, ఎప్పుడు లేవలేకపోతారు, నొప్పి ఎక్కడిదాకా పోతుంది. ప్రతిదాని మీదా ఆ పెట్టె లేచింది. ప్రతిసారీ ఆకుపచ్చ నొక్కాను. వాటిలో ఒకటి నా చేత్తో చేసిందే. "వద్దు" అన్నది ఎక్కడ దాచానో నాకు తెలుసు. అక్కడిదాకా పోయే ఓపిక లేక నేనూ అందరిలాగే నొక్కాను. కంచే చేను మేసిందంటారే, అట్లా.

లేచేముందు, చూసిన పేజీల జాబితా మొత్తం తుడిచేశాను. కుకీలను మాత్రం ముట్టుకోలేదు. మరిచిపోయి కాదు. అవి తుడిస్తే భూముల సైటు మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆయన నన్ను పిలిచి "ఎవలన్న దీన్ని కెలికిన్రా?" అంటాడు, నా మొహం చూస్తాడు. ఆ ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికి చిట్టీలన్నీ ఆయన జేబులోనే వదిలేసి లేచాను. పైగా జాగ్రత్తపడ్డానని అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

తర్వాతి రెండు నెలలు ఎట్లా గడిచాయో అడిగితే చెప్పలేను. పొద్దున బస్సు, ఆఫీసు, ఆకుపచ్చ బటన్లు, సాయంత్రం బస్సు. కొంపల్లి దగ్గర ఎంతసేపు ఆగిపోయినా చిరాకు కలిగేది కాదు. ఎవరైనా జోకు వేస్తే అందరితోపాటు నవ్వేదాన్ని, ఎందుకు నవ్వానో తెలిసేది కాదు. అమ్మ జావ, పెసరపప్పు, మెత్తటి అన్నం పెట్టేది. బాపు సణుక్కుంటూనే గిన్నె ఖాళీ చేసేవాడు. "పుండు మాన్తాంది, గీ వారం నొప్పి తక్వున్నది" అనేవాడు. అమ్మ వంటింట్లోకి వచ్చి నా చెవిలో, "సూసినవా, తెల్వకుంటె మనిషి ఎంత మంచిగుంటడో" అనేది. పెద్దమ్మ శామీర్‌పేట నుంచి వారానికోసారి వచ్చి, బాపుతో అవీ ఇవీ మాట్లాడి, పోయేముందు వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. ఆ ఏడుపు బాపు కోసమో, పెద్దబాపు కోసమో నాకు అంతుపట్టేది కాదు. నాకైతే లోపల ఏమీ కదిలేది కాదు.

ఒక శనివారం మధ్యాహ్నం బాపు, వెంచర్ నక్షా, అదే ప్లాట్ల పటం, ప్రింటు తీయించుకు రమ్మన్నాడు. దాన్ని ఫోన్‌లోకి పంపుకుందామని లాప్‌టాప్ తెరిచాను. భూముల సైటు తెరుచుకుంది. నడుమ ప్లాట్ల ఫొటోలు. ఎడమపక్క, "క్లోమ క్యాన్సర్ నాలుగో దశా? ఆశ వదులుకోకండి." కుడిపక్క, "చివరి దశ రోగులకు ఇంటివద్దనే సేవలు." దాని కింద ఒక ముసలాయన నవ్వుతున్నాడు. ఆయన భుజం మీద కూతురి చెయ్యి.

మూలనున్న ఇంటూ గుర్తు నొక్కాను. ఈ ప్రకటన ఎందుకు మూశారు అని అడిగింది. "నాకు అవసరం లేదు" అన్నది నొక్కాను. పేజీ మళ్లీ తెరిస్తే ఆ ముసలాయన మళ్లీ నవ్వాడు. మళ్లీ మూశాను. మళ్లీ నవ్వాడు. నాకు తిక్క రేగింది.

"నీ పాడుగాను!" అన్నాను పైకే.

"గది గట్ల పోదు బిడ్డా."

బాపు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "నేను మస్తుసార్లు తీసేసిన. మల్ల వస్తది."

నేను వెనక్కి తిరగలేకపోయాను. ఆయనే వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"ఎప్పటి సంది?" అన్నాను.

"దవాఖానకు వొయొచ్చిన వారానికే సురువైనయ్. ముందుగాల ఊకెనే వస్తున్నయనుకున్న. తర్వాత సమజైంది, ఎవలో గీ ప్లాటు ముంగట మస్తుసేపు నిలవడ్డరని. దీని ముంగట నేను, నువ్వు తప్ప ఎవలు గూసుంటరు? నేనైతె నిలవడలే."

సిగ్గుతో చచ్చిపోయాను. ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. అమ్మ చెప్పలేదు, డాక్టర్ చెప్పలేదు, నేను చెప్పలేదు. ఇంతమందిమి నోళ్లు కట్టుకుని దాచినదాన్ని, అసలు నోరే లేనిది వారంలో చెప్పేసింది. దానికి మా పేర్లు కూడా తెలియవు. ఈ కుర్చీలో కూర్చున్న ఎవరో ఈ మాటకు భయపడుతున్నారని తెలుసు, దానికి అది చాలు.

"మరి తింటున్నవ్ గద బాపు? నొప్పి తక్వున్నదంటున్నవ్ గద?"

"తినకుంటె నాకు తెలిసిందని మీ అమ్మకు తెలుస్తది గదా." ఆయన దుప్పటి మడత సరిచేశాడు. "నాకు తెల్వదన్న ధైర్నం తోనే ఆమె తిరుగుతాంది. గది గుంజుకోకు. గీ ముచ్చట ఆమె చెవుల వడొద్దు. నేనున్నప్పుడే గాదు, పోయినంక గూడ."

"సరే బాపు."

"డాక్టరు ఎన్ని దినాలన్నడు? దీంట్ల ఒక్కొక్కడు ఒక్కో తీరు రాసిండు. నువ్వు జెప్పు."

చెప్పాను. ఆరు నెలలన్నాడనీ, అందులో రెండు అయిపోయాయనీ. ఎవరి గురించో చెప్పినట్టు చెప్పాను. ఆయన తలూపి, కాసేపు తన పాదాల వంక చూసుకున్నాడు.

"ఇగ పో. సోమారం పార్టీ వస్తనన్నడు, నక్షా తీస్కరా" అన్నాడు.

ఆ సాయంత్రమే కుకీలన్నీ తుడిచేశాను. ముసలాయన పోయి సిమెంటు బస్తాలూ చొక్కాలూ వచ్చాయి. మా ఆఫీసులో ఒక మాట ఉంది, మనలాంటివాళ్ల సంగతి తెలుసుకుని ఎవడేం చేసుకుంటాడు అని. నేనూ అనేదాన్ని. ఆ తర్వాత అనలేదు. అలాగని ఉద్యోగమూ మానలేదు. తర్వాతి వారం ఒక ఆస్పత్రి సైటుకు పెట్టె చేయమన్నారు. "వద్దు" అన్నదాన్ని ఆకుపచ్చ బటన్ పక్కనే, అంతే సైజులో పెట్టి పంపాను. ఇదేంటని మేనేజర్ వెనక్కి పంపాడు. మాట్లాడకుండా చిన్నది చేసి లోపలికి నెట్టేశాను.

బాపు ఎనిమిది నెలలున్నాడు. చివరి నెలదాకా అమ్మ పెట్టింది పెట్టినట్టు తిన్నాడు. కడుపులో నిలవకపోతే స్నానాలగదిలోకి పోయి, చప్పుడు వినపడకుండా పంపు తిప్పుకుని కక్కేవాడు. మొహం తుడుచుకుని మళ్లీ వచ్చి కూర్చునేవాడు. తలుపు బయట నేను తువ్వాలు పట్టుకుని నిలబడేదాన్ని. మా ఇద్దరికే తెలిసిన ఆ సంగతి మళ్లీ ఒక్కసారి కూడా ఎత్తలేదు.

దినాలు అయిన మర్నాడు చుట్టాలంతా వెళ్లిపోయారు. ముందుగదిలో అమ్మ, పెద్దమ్మ, నేను మిగిలాం. అమ్మ అన్నిరోజుల తర్వాత మొదటిసారి గోడకు చేరగిలబడింది.

"నాకొక్కటే నిమ్మళం అక్కా. ఆయనకు ఆకరిదాక తెల్వనియ్యలే. పుండు తగ్గుతదనుకుంటనే కండ్లు మూసిండు. గందుకే ఎనిమిది నెల్లు మనతోని ఉన్నడు. గా మాట తెలిసుంటె..." అంటూ, ఎదురుగా ఎవరున్నారో గుర్తొచ్చి ఆగిపోయింది.

పెద్దమ్మ నావైపు తిరిగింది. "నిజమేనా బిడ్డా? సదువుకున్నదానివి, నువ్వు జెప్పు. ఆయనకు అసలే తెల్వదా? జర్ర గూడ అనుమానం రాలేదా?"

ఆమె కళ్లు నా నోటిమీదే ఉన్నాయి. తెలుసు పెద్దమ్మా, మొదటివారం నుంచీ తెలుసు, తెలిసీ అన్ని నెలలు తిన్నాడు, నీ మాట ఎవరినీ చంపలేదు. అంతా నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన అమ్మ కూడా నా మొహమే చూస్తోంది.

"తెల్వదు పెద్దమ్మా" అన్నాను.

అమ్మ నా వీపు నిమిరింది. పెద్దమ్మ చేతిలోని ఛాయ్ గ్లాసు మెల్లగా కింద పెట్టింది.

"గట్లయితె మా ఆయన్ను నేనే సంపుకున్న" అంది.