అమ్మకు పెట్టిన పేరు

పరాయి దేశంలో, ఇంటర్నేషనల్ సిటీలోని మా ఒంటి గది ఫ్లాట్‌లో జొన్న గటక ఉడుకుతుంటే లేచే ఆ తడి పిండి వాసన, కిటికీ అవతల ఎడారి గాలి ఎంత ఈడ్చికొట్టినా పోకుండా, నన్ను ఉత్తర తెలంగాణలోని మా ఊరి దొర గడీ వాకిట్లోకి లాక్కుపోతుంది.

నిన్న గటక కలుపుతుంటే మా పాప బడి పుస్తకం తెచ్చి చదివి వినిపించింది. పాతకాలపు అమెరికాలో బానిసలుగా కొన్న మనుషుల పేర్లు తీసేసి, యజమానులు తమకు తోచిన పేర్లు పెట్టేవారట. "ఇట్ల ఎట్ల చేస్తరమ్మా?" అంది. నా చేతిలో తెడ్డు ఆగిపోయింది.

మా అమ్మ ఆ గడీలో వాకిలి ఊడ్చి, పేడ ఎత్తి, వడ్లు దంచేది. వానకాలం గడ్డివాము కింద తేళ్లు, ఎండకాలం అరికాళ్లు కాల్చే బండలు, బతుకమ్మకు తంగేడు పూల కోసం గట్ల వెంట మా పరుగులు, పెద్దలకు పెట్టుకునే పెత్తరమాస నాడు గడీ నుంచి వచ్చే చల్లారిన గారెలు, ఏది తలుచుకున్నా వెనకాల ఒకటే కేక: బుచ్చీ! అదే అమ్మ పేరనుకున్నాను. ఏడేళ్లప్పుడు అమ్మమ్మ ఊరికి పోతే తెలిసింది, వేములవాడ రాజన్న మొక్కుతో పుట్టిందని అమ్మకు పెట్టిన పేరు రాజేశ్వరి అని. దొర బిడ్డదీ అదే పేరు కావడంతో, అమ్మ కొత్త కోడలిగా పనికి వచ్చిన నాడే దొరసాని మార్చేసిందట.

నాకు ఆ పేరు ఎంతో నచ్చింది. తిరిగొచ్చిన మర్నాడే నిండు వాకిట్లో "ఓ రాజేశ్వరమ్మా" అని పిలిచాను. రోకళ్లు ఆగిపోయాయి. దొరసాని అరవలేదు. అమ్మను మెట్ల కిందికి పిలిచి పేరు చెప్పమంది.

"బుచ్చిని దొరసానీ, నీ బాంచెన్."

అక్కడున్నవాళ్లందరికీ వినబడేదాకా మళ్లీ మళ్లీ చెప్పించింది. ఇంటికొచ్చాక అమ్మ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. గటక పెట్టి, నేను తిన్నంతసేపూ గోడ వైపు తిరిగి కూర్చుంది.

కరోనా ఏడాది విమానాలు ఆగిపోయి నేనిక్కడే చిక్కుకుంటే, అక్కడ అమ్మ మంచం పట్టింది. వీడియో కాల్‌లో అసలు పేరుతోనే పిలిచాను; అన్నేళ్లుగా అడగలేకపోయిన క్షమాపణ అది. అమ్మ కళ్లు తలుపు వైపు తిరిగాయి. "మెల్లగ బిడ్డా, ఎవలన్న వింటరు."

వినడానికి ఎవరున్నారని? దొరలు ఊరొదిలి ఏళ్లయింది. గడీ కప్పు కూలి, లోపల సర్కారు తుమ్మలు మొలిచాయి. ఆ వారంలోనే అమ్మ కూడా పోయింది. కడసారి చూపుకు నేను లేను.

పాప పుస్తకం మూసి, తన వాళ్లందరి పేర్లూ రాయాలంటూ కాగితం ముందేసుకుంది. "అమ్మమ్మ పేరేంది?"

చెప్పాను. వినబడలేదంది. ఈసారి గట్టిగా చెప్పబోయి, తలుపు వైపు చూశాను.