ఆవిడ అడిగిన ప్రార్థన

ఆ వీధిలో పుస్తకాలు బైండింగు చేసే పెద్దాయనతో వాదన పెట్టుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమే. దేవుడి గురించి ఎవరేం చెప్పినా ఆయన అడిగేది ఒకటే: "బైబిల్లో రాసుందా?" లేదంటే అక్కడితో సరి. అలాంటి ముక్కుసూటి మనిషికి దొరికిన ఇల్లాలు చూడండి, పాత సంఘంలో పుట్టి పెరిగిన మనిషి. తొలినాటి క్రైస్తవుల నుంచి తరతరాలుగా వస్తున్న పద్ధతులంటే ఆవిడకి ప్రాణం.

ఆవిడ ఎదురుగా కూర్చుని కాగితాలు మడతపెట్టేది, ఆయన దారంతో కుట్టేవాడు. చేతులు పనిలో, నోళ్ళు పోట్లాటలో.

"అసలు ఏ పుస్తకాలు బైబిల్లో ఉండాలో తేల్చింది ఆ పాతకాలం పెద్దలే కదండీ?"

"తేల్చలేదే, గుర్తుపట్టారంతే. ఇది బంగారమని కంసాలి చెబితే, ఆ బంగారాన్ని కంసాలి పుట్టించినట్టా?"

"పుట్టించలేదు. కానీ కంసాలిని నమ్మకుండా నగ కొంటారా మీరు?"

ఆయన జిగురు గిన్నె ముందుకు లాక్కుని, "పని చూడు" అనేవాడు. ఓడిపోయానని చచ్చినా ఒప్పుకోడు గానీ, లోలోపల తెగ ముచ్చటపడేవాడు.

అంత గలగలలాడే మనిషీ మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం ఆయన్ని దగ్గరికి పిలిచింది.

"నేను పోయాక నా కోసం ప్రార్థన చేస్తారా? పూర్వం వాళ్ళు పోయినవాళ్ళ కోసం చేసేవాళ్ళు. మా అమ్మకి నేను చేశాను. మీరు చేస్తానంటే నాకు నిశ్చింత."

చేస్తానని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయింది అంటారా? పోయే మనిషిని అబద్ధంతో సాగనంపడం ఆయన వల్ల కాలేదు, అదీ సంగతి. "రాసి లేనిది ఎలా చేయనే? నువ్వు ప్రభువు దగ్గరే ఉంటావు, ఇంక నా ప్రార్థన దేనికి?" అన్నాడు. ఆవిడ వాదించలేదు. "సరేలెండి" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వారంలోనే కన్నుమూసింది.

సమాధి చేసి వచ్చిన సాయంత్రం కూతురూ, సంఘపెద్దగా ఉన్న తమ్ముడూ ఆయనతోపాటు ముందుగదిలో మోకరించారు. రోజూ ఆ వేళకి ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరి కోసం ప్రార్థన చేయడం ఆయనకి అలవాటు. ముందు భార్య, తర్వాత పిల్ల, ఆ తర్వాత మిగతావాళ్ళు. వాళ్ళ నాన్న నేర్పిన వరస అది. ఆ వరస ఎక్కడ రాసుందో చూడాలని ఆయనకి ఎన్నడూ తోచలేదు. కళ్ళు మూసుకోగానే నోరు దాని దారిన అది పోయింది.

"ప్రభువా, నా ఇంటిదాన్ని చల్లగా చూడు."

కూతురు వెక్కింది. తమ్ముడు మెల్లగా అన్నాడు, "అలవాట్లో అన్నావులే అన్నయ్యా. వదిన సంగతి విడిచిపెట్టి మిగతావాళ్ళ కోసం చెయ్యి."

పాపం, మంచికే చెప్పాడు. పొరపాటైందని తలూపితే అక్కడితో అయిపోయేది. పెద్దాయన కళ్ళు తెరవలేదు. ఇన్నేళ్ళూ నమ్మినదాన్ని ఆయన ఆ క్షణాన వదిలేసిందీ లేదు, ఆసరాకి ఒక్క వచనం గుర్తొచ్చిందీ లేదు. ఆవిడని వరసలోంచి తీసెయ్యడం మాత్రం చేతకాలేదు.

"అలవాట్లో అన్నది ఇందాకటిది, తమ్ముడూ. ఇప్పుడు తెలిసే అంటాను. తప్పయితే దేవుడు నన్నడుగుతాడు" అని మళ్ళీ తల వంచాడు. "ప్రభువా, నా ఇంటిదాన్ని చల్లగా చూడు. అది నన్ను నోరు తెరిచి అడిగింది. చేస్తానని చెప్పకుండానే పంపించేశాను. చేస్తున్నానని నువ్వైనా దానితో చెప్పు."

కూతురు ఆమేన్ అంది. తమ్ముడు అనలేదు, లేచి వెళ్ళనూ లేదు.