ఫ్యాక్టరీ టీముకు మా ఫార్వర్డ్

ఇవాళ నాచారంలో ఒక ఫ్యాక్టరీ బాస్కెట్‌బాల్ టీముకు సెలెక్షన్ అంటే, మా కాలేజీ ఫార్వర్డ్ సామ్యేల్ ఆట చూద్దామని ఉప్పల్‌లో బస్సెక్కి వెళ్లాను. వాడికి ఆట నేర్పింది నేనే. వచ్చిన కొత్తలో వాడికి ఎడమచెయ్యి అనేది ఒకటుందనే తెలియదు. కుడిచేతిని నడుముకు తువ్వాలుతో కట్టేసి, ఏడాదిపాటు ఎడమచేత్తోనే బుట్టలో బంతి వేయించాను. రాష్ట్ర జట్టుకు ఆడతానని, ఆటతోనే బతుకుతానని నాతో ఎన్నిసార్లన్నాడో.

వెళ్లి చూస్తే కోర్టుకు అడ్డంగా షటిల్ నెట్ కట్టి ఉంది. ఇటు బొజ్జతో ఫ్యాక్టరీ మేనేజరు. అటు మా ఆరడుగుల సామ్యేల్, చేతికందే షాట్లను కావాలని నెట్‌కు కొడుతూ "వాహ్ సాబ్!" అంటున్నాడు.

ఆట ఆగాక పక్కకు పిలిచి, "సెలెక్షన్ ఎప్పుడురా?" అన్నాను.

"గిదే సార్. రోజు సాబ్‌తోని ఆడి ఓడిపోతే సాలంట, నౌకరీ పక్కా."

"మరి బాస్కెట్‌బాల్?"

"గది కాలేజీల ఆడిన గద సార్," అన్నాడు, మతిమరుపు నాకే వచ్చినట్టు.

మేనేజరుకు సిగ్గుంటుందని నేననుకోను, గెలిచానని చేతులు కూడా ఊపాడు. వీడికైనా ఉండొద్దా? మీరే చెప్పండి, వచ్చే ఏడాది పిల్లలకు ఓడిపోవడమే నేర్పమంటారా?

అంతలో మేనేజరు తువ్వాలు కోసం కేకేశాడు. సామ్యేల్ పరుగెత్తి కుడిచేత్తో అందించాడు. ఏడాదిపాటు నేను తయారుచేసిన ఆ ఎడమచెయ్యి, వినయంగా కుడి మోచేతి కింద ఉంది.