ఆయుధ పూజలో అసలు ఆయుధం

ఆ రోజుల్లో భయపడటమే నా అసలు ఉద్యోగం. కార్ల కంపెనీలో చేసే సాఫ్ట్‌వేర్ పని దానికి తోడుగా వచ్చిన చిల్లర పని. హెచ్ వన్ బీ వీసా మీద బతికినవాళ్లకి ఈ మాట విప్పి చెప్పక్కర్లేదు, బతకనివాళ్లకి చెప్పినా తలకెక్కదు. పోస్టులో కాస్త మందంగా కవరొస్తే భయం. మేనేజరు "ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?" అంటే భయం. మా ఊరు నోవైలో తొలి మంచు పడ్డ రోజు కారు జారి పక్కవాళ్ల మెయిల్‌బాక్స్‌కి గుద్దుకుంటే, నాకు బంపర్ గుర్తు రాలేదు, వీసా స్టాంపింగ్ గుర్తొచ్చింది. లైబ్రరీ పుస్తకం ఆలస్యంగా తిరిగిస్తే గ్రీన్‌కార్డుకి అడ్డొస్తుందా అని వాట్సాప్ గ్రూపులో నిజంగానే అడిగాను. (అందరూ నవ్వి "రాదు" అన్నారు. ఒక్కాయన మాత్రం "ఎందుకైనా మంచిది, లాయర్‌ని అడగండి" అన్నాడు. ఆ మహానుభావుడి ధర్మమా అని నాకు వారం పాటు అన్నం సయించలేదు.) అలాంటి నన్ను తీసుకెళ్లి తుపాకీ ముందు నిలబెట్టిన ఘనత మా గుడిది.

గుడి అంటే గోపురం, ధ్వజస్తంభం ఊహించుకోకండి. అదొకప్పుడు టైర్లమ్మిన గోడౌను. వాన పడితే అగరొత్తుల్ని తోసుకుని రబ్బరు వాసన ముందుకొచ్చేది. దాన్ని నడిపేది సెక్రటరీ ఆంటీ. (ప్రెసిడెంటుగారు వేరే ఉండేవారు, ఫొటోలకి.) ఆంటీ కూతురు స్కూలు టీచరు. ఎవడో తుపాకీతో లోపలికొచ్చాడన్న పుకారు పుట్టి, ఒకరోజు ఆ అమ్మాయి చిన్నపిల్లల్ని వెంటేసుకుని క్లాసురూములో లైటార్పేసి, మూల నేల మీద మధ్యాహ్నం దాకా కూర్చుంది. పుకారు పుకారుగానే పోయింది గానీ ఆ మధ్యాహ్నం మాత్రం ఆంటీని వదల్లేదు. పక్క వీధి చర్చిలో ఉండే పాస్టరమ్మ, ఇంట్లో తుపాకీ ఉన్నవాళ్లు దానికి తాళం వేసి తీరాలనే చట్టం కోసం చర్చిల్నీ మసీదుల్నీ గుళ్లనీ కలుపుకుని తిరుగుతోందని విని, ఆంటీ తనే వెళ్లి ఆవిడ తలుపు తట్టింది. అప్పట్నుంచి ఇద్దరికీ ఒకే ప్రాణం.

"చట్టం గురించి మాట్లాడదాం, ఓటు గురించి మాట్లాడదాం. పార్టీ పేరు మాత్రం ఎవరి నోటా రాకూడదు. వచ్చిందా, మన గుడికున్న టాక్స్ మినహాయింపు గోవిందా!" అని ఆంటీ మా అందరికీ ముందే చెప్పేసింది. ఓటు సంగతీ చిన్నది కాదు. మా గుడికొచ్చే పెద్దమనుషుల్లో సిటిజన్‌షిప్ తీసుకున్నవాళ్లకి కొదవ లేదు. సత్తెనపల్లిలో ఎవరికెంత మెజారిటీ వస్తుందో ప్రసాదం తింటూ చెప్పగలరు. తాము కాపురముంటున్న వీధికి ఇక్కడి ప్రతినిధి ఎవరని అడిగితే మాత్రం పులిహోరలో మిరపకాయ వెతుక్కునేవారు. వాళ్ల చేత ఓటరుగా నమోదు చేయించే పని ఆంటీ నా నెత్తిన పెట్టింది.

"ఆంటీ, అసలు నాకే ఇక్కడ ఓటు లేదు," అన్నాను గుడ్లనీరు కుక్కుకుంటూ.

"నీకు పెళ్లీ కాలేదు. పిలిచిన ప్రతి పెళ్లిలోనూ వడ్డించట్లా? ఇదీ అంతే. నువ్వు తినక్కర్లా, పెట్టు."

పాస్టరమ్మని పిలిచి గుడిలో పెట్టే మీటింగుకి ఆంటీ ఎంచుకున్న రోజు దసరాల్లో ఆయుధ పూజ. జనం నిండుగా వచ్చే రోజు అదేనంది. తుపాకుల మీద మీటింగు ఆయుధ పూజ రోజున పెట్టడమేమిటి అని మాలో ఒక్కరికైనా తట్టిందా అంటే, లేదు. ఎలా తడుతుంది? మా దృష్టిలో ఆయుధమంటే లాప్‌టాప్, కారు తాళాలు, డాక్టరమ్మ స్టెతస్కోపు, కేటరింగ్ వాళ్ల వెట్ గ్రైండరు. మంచు కాలం ముందుంది కదా అని కొందరు మంచు ఎత్తిపోసే స్నో బ్లోయరు కూడా మోసుకొచ్చేవారు. పూజ అయ్యాక ఎవరి లాప్‌టాప్ ఎవరిదో తెలియక ఏటా గొడవ అవుతోందని, ఆ ఏడు చెప్పుల స్టాండు టోకెన్లే తెచ్చి ఒక్కో వస్తువుకీ కట్టమన్నారు. టోకెను కట్టడం, గంధం రాయడం, ఉంగరం వేలితో కుంకుమ అద్దడం, అమ్మవారి ముందున్న బల్ల మీద పెట్టడం నా పని. కాసేపటికి చెయ్యి మరమనిషిలా దానంతటదే ఆడటం మొదలెట్టింది.

అప్పుడొచ్చారు బంకు అంకుల్. గ్యాస్ స్టేషన్ ఓనరు కాబట్టి ఆ పేరు. కరీంనగర్ మనిషి, వెన్నలాంటి వాడు. అయ్యప్ప దీక్షలవాళ్లకీ, దారి తప్పి వచ్చిన మాస్టర్స్ చదివే పిల్లలకీ ఆయన బంకులో టీ ఎప్పుడూ ఉచితం.

"మంచిగున్నవా బిడ్డా? గిది గూడ జర పెట్టు. షాపు సామానే," అంటూ పసుపు గుడ్డ విప్పి ఒక పెట్టె నా ముందు తెరిచారు.

సరిగ్గా అదే క్షణంలో కిటికీలోంచి చర్చి వ్యాను కనబడింది. "వచ్చేశారు, వచ్చేశారు!" అని ఆంటీ కేక పెట్టింది. నేను అటు చూస్తూనే ఇటు గంధం రాశాను, కుంకుమ అద్దాను. ఏదో చల్లగా, ఇనుములా తగిలింది. వెనక్కి తిరిగి చూస్తే పెట్టెలో పిస్తోలు. నల్లటి గొట్టం మీద ఎర్రగా, గుండ్రంగా, గీత గీతా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా నా వేలిముద్ర.

వీసా వాళ్లు తుపాకీ ముట్టుకుంటే తిన్నగా విమానమెక్కించేస్తారని ఎవరో అనగా విన్నాను. (నిజమో కాదో అప్పుడూ తెలియదు, తెలుసుకునే ధైర్యమూ లేదు.) కాన్సులేటులో నా పది వేళ్ల ముద్రలూ ఉన్నాయి. పోలీసులకి పౌడరు చల్లి వెతికే శ్రమ కూడా లేకుండా నేనే కుంకుమతో వేసిచ్చాను.

"అంకుల్, ఇది..."

"పిస్తోలు. పోయిన చలికాలం ఒకడు కౌంటర్ కాడ నా ఛాతీ మీద తుపాకి ఆనిచ్చిండు చూడు, గప్పుడు కొన్న. కాగితాలన్నీ ఉన్నయ్."

"ఇక్కడికెందుకు తెచ్చారు అంకుల్?"

"ఆయుధ పూజకు ఆయుధం తేకుంటె ఏం తెస్తరు? నువ్వు మిక్సీలకు పెడుతున్నవ్ బొట్టు, అసలుదానికి పెట్టనంటవా?"

"లోపల గుళ్లున్నాయా?" అని అడిగాను.

"లేవు బిడ్డా, ఖాళీదే." కొంచెం ఆగి చెవి గోక్కున్నారు. "ఖాళీదే అనుకుంట."

ఆ "అనుకుంట" నా గుండెలో పడి అక్కడే ఉండిపోయింది. తీసేయమని బతిమాలితే, పూజలో కూర్చున్నదాన్ని హారతి కాకముందు లేపితే అరిష్టమన్నారు. పంతులుగారు అటు తిరిగి మంత్రం చదువుతూనే, సంగతేమిటో చూడకుండా, "ఉద్వాసన చెప్పందే ఏదీ కదపకూడదమ్మా. ఈ రోజు ఆయుధాన్ని ముట్టుకోనే కూడదు," అని మళ్లీ మంత్రంలో పడ్డారు. ముట్టుకోకూడదని ఆయన నాకు చెబుతున్నారు!

గరిటె కాడతో పెట్టె మూత వేశాను. పైన పసుపు గుడ్డ కప్పి, దాని మీద బంతిపూలు గుమ్మరించాను. చాలవనిపించి చామంతులు పోశాను. పరుగున వెళ్లి ఆంటీ చెవిలో ఊదాను.

"ఎక్కడా?" అంది ఆవిడ పళ్ల మధ్యనుంచి.

"అమ్మవారి ఎడం కాలి దగ్గర."

ఎవరు చెప్పినా ఎక్కడా కూర్చోని మనిషి అక్కడున్న బియ్యం బస్తా మీద కూలబడింది. మరుక్షణం లేచి, పిల్లలందరినీ భోజనాల హాల్లోకి తరిమి తలుపేసింది. "అతిథులు ముందు వరసలో కూర్చున్నారు, వాళ్ల కళ్ల ముందు పట్టుకెళ్లలేం. ఆ బల్ల దగ్గర నుంచుని ఎవర్నీ రానీయకు. కదిలావో చంపుతా," అంది. మీటింగు పొడుగునా నేను ద్వారపాలకుడిలా నిలబడ్డాను. కుంకుమ వేలిని పిడికిట్లో దాచుకున్నాను.

పాస్టరమ్మ బూట్లు బయట విడిచి, సాక్సుల్లో నిలబడి మాట్లాడింది. పెద్ద గొంతు కాదు. చిన్నప్పుడు తమకో కిరాణా కొట్టుండేదనీ, దొంగల భయానికి నాన్న సొరుగులో తుపాకీ ఉంచేవాడనీ, ఒకరోజు తన తమ్ముడు ఆ సొరుగు లాగాడనీ చెప్పింది. "మా నాన్న చెడ్డవాడు కాదు. అది ఖాళీదే అనుకున్నాడు. చనిపోయేదాకా ఆ ఒక్క మాటే చెబుతూ ఉండేవాడు, ఖాళీదే అనుకున్నానని," అంది ఇంగ్లిషులో. నేను బంకు అంకుల్ వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నారు. నాకు అప్పటిదాకా ఉన్న వీసా భయం ఎటు పోయిందో పోయి, దాని చోట ఇంకో భయం వచ్చింది. ఇది నా గురించి కాదు కాబట్టి మరీ భరించలేకపోయాను.

హారతి అయింది. పాస్టరమ్మ బల్ల దగ్గరికొచ్చి ఒక్కొక్కటీ ముచ్చటగా చూసి, మిగతావాటికి రెండేసి పూలుంటే ఈ మూల గుట్ట ఎందుకుందని నన్నడిగింది.

"అది... స్పెషల్ ఐటమ్," అన్నాను.

"మేడమ్, అది నాది," అన్న గొంతు వినిపించింది. బంకు అంకుల్ వచ్చి నా పక్కన నిలబడ్డారు. "దట్ ఈజ్ ఎ గన్ మేడమ్."

ఆంటీ కళ్లు మూసుకుంది. పాస్టరమ్మ అడుగు వెనక్కి వేయలేదు. కాసేపు ఆ పూలనే చూసి, "దీన్ని మీరేం చేస్తారు?" అని మెల్లిగా నన్నడిగింది. ఉన్నదే చెప్పాను. ఈ రోజు ఆయుధానికి విశ్రాంతి అనీ, దణ్ణం పెట్టి పక్కన పెడతామనీ, ఎవరూ ముట్టుకోకూడదనీ.

ఆవిడ ముఖంలోకి నవ్వులాంటిదేదో వచ్చింది. "ఎవరూ ముట్టుకోకూడదా? నేను ఊరూరా తిరిగి అడిగేది అదేనమ్మా. మీకు ఏడాదికో రోజుంది. నాకు మిగతా రోజులు కూడా కావాలి."

బంకు అంకుల్ పంతులుగారి చేత ఉద్వాసన చెప్పించి, పెట్టెని పొత్తిళ్లలో పాపని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో కారు దగ్గరికి తీసుకెళ్లారు. తిరిగొచ్చేసరికి ఆయన ముఖాన నెత్తురు చుక్క లేదు.

"ఒకటున్నది బిడ్డా," అన్నారు. "గుళ్లుండే మ్యాగజైన్ తీసిన. లోపట ఒకటి మిగిలిందని సూస్కోలే. శనివారం, ఆదివారం మనవడు మా ఇంట్లనే పంటడు."

తర్వాత ఆయన తిన్నగా వెళ్లి ఓటరు నమోదు బల్ల ముందు కూర్చున్నారు. సిటిజన్ అయి ఏళ్లు గడిచినా ఒక్కసారీ ఓటెయ్యని మనిషి, "నా పేరు రాయి బిడ్డా," అన్నారు. "ఆ పెన్ను నేను ముట్టుకోను అంకుల్, మీరే రాసుకోండి," అన్నాను. (ఎంత కదిలిపోయినా వీసా వీసాయే.) ఇంటికెళ్లి ఆ వేలిని సబ్బుతో, నిమ్మచెక్కతో, చివరికి గిన్నెలు తోమే పీచుతో తోమాను. అయినా ఆగలేక, "నా ఫ్రెండ్ ఒకమ్మాయి పొరపాటున తుపాకీకి బొట్టు పెడితే ఏమవుతుంది?" అని గ్రూపులో అడిగాను. అందరూ నవ్వారు. ఆ ఒక్కాయన, "లాయర్‌ని అడగండి," అన్నాడు.

ఏమీ కాలేదని మీకు తెలుస్తూనే ఉంది, ఇక్కడే కూర్చుని రాస్తున్నాను కదా. గుడి ఇప్పుడూ టైర్ల గోడౌనులోనే ఉంది. చాలా ఏళ్లకి గ్రీన్‌కార్డు వచ్చి, ఆ తర్వాత ప్రమాణం చేసి సిటిజన్‌నయ్యాక, పోయిన దసరాల్లో మొదటి ఓటు ముందస్తుగా వేసి, అట్నుంచటే ఆయుధ పూజకి వచ్చాను. ఇక్కడ ఓటేస్తే వేలికి సిరా పెట్టరు. ఏదో వెలితిగా అనిపించింది. బల్ల దగ్గర టోకెన్లు కడుతుంటే బంకు అంకుల్ వచ్చారు, జుట్టు పూర్తిగా నెరిసింది. ఏటా తెచ్చే పసుపు గుడ్డే విప్పారు. అందులో ఏటా ఉండే తాళంకప్పే ఉంది. ఆయన పిస్తోలు పెట్టెకి వేసే తాళం అది. పెట్టె ఇంట్లో ఉంటుంది, పూజకి తాళం వస్తుంది.

ఈసారి ఎటూ చూడకుండా, దాన్నే చూస్తూ, గంధం రాసి నిదానంగా కుంకుమ అద్దాను. ఆ ఉంగరం వేలిని పడుకునేదాకా కడుక్కోలేదు. సింకు దగ్గర నిలబడి పీచుతో తోముకుంటున్న ఆనాటి పిల్ల గుర్తొచ్చి, వెళ్లి కుళాయి కట్టేసి, "కడిగింది చాల్లేవే," అనాలనిపించింది.