కణుపు దగ్గర కోత

నిన్న మామ తన ఆర్మూరు ఫోటో స్టూడియోకు కొత్త కంప్యూటర్ తెచ్చాడు. కొబ్బరికాయ కొట్టగానే, "ముందుగాల నీ కత్తెర ఎక్కియ్యిరా అల్లుడా, మిగిలినయి తర్వాత" అన్నాడు. ఆ కత్తెర నేను రాసిన చిన్న అప్లికేషన్. రెండు గుర్తులు, ఒక బటన్. వీడియోలోంచి కావలసిన ముక్క కోసివ్వడం తప్ప దానికి ఇంకేమీ రాదు.

దాని తొలి పరీక్ష కొన్నేళ్ల కింద, చిన్నమ్మ కూతురి పెళ్లి మరునాడు జరిగింది. గల్ఫ్‌లో ఉన్న చిన్నాయనకు సెలవు దొరకలేదు. ఆ సాయంత్రమే ఫోన్ అందని ఎడారి పనికి నెల రోజులు పోతున్నాడు. పోయేలోగా బిడ్డ అప్పగింతలు ఒక్కటైనా చూడాలని అడిగాడు. పెళ్లి వీడియో తీసిన మామ తన పాత కంప్యూటర్‌ను మోటార్‌సైకిల్ మీద చిన్నమ్మ ఇంటికే మోసుకొచ్చాడు. అందులో వీడియోలు కోసే పెద్ద సాఫ్ట్‌వేర్ తెరుచుకునేలోగా టీ తాగి రావచ్చు. ఆగిపోవడానికి మాత్రం అంతసేపు పట్టదు. అందుకే నెల రోజులుగా రాస్తున్న నా కత్తెరను తీశాను. క్షణంలో కోసింది. కానీ మొదటి నాలుగు సెకన్లు తెర నల్లగా ఉంది.

"గిదేందిరా, ఏడ్పులు ఇనవడ్తున్నయి, మనుషులు లేరు" అన్నాడు మామ.

కారణం నాకు తెలుసు. వీడియోలో అక్కడక్కడే పూర్తి బొమ్మ ఉంటుంది, మధ్యవి దాని మీద మార్పులు మాత్రమే. నేను మధ్యలో కోశాను. వీడియోనంతా కొత్తగా తయారు చేయిద్దామంటే ఆ కంప్యూటర్‌కు సాయంత్రం దాటుతుంది. దిక్కుతోచక వాకిట్లోకి వెళ్లి, ఉడకబెట్టడానికి పచ్చి పసుపు గడ్డల నుంచి కొమ్ములు విరుస్తున్న చిన్నమ్మ పక్కన కూర్చున్నాను. పెళ్లయిందని పసుపు ఆగదు కదా. నేను విరిచిన మొదటి కొమ్ము గడ్డ నుంచి ఊడిరాక, నడుమకు రెండు ముక్కలైంది.

"నడుమ ఇరిస్తే గట్లనే అయితది బిడ్డా. జర ఎనకకు జరిగి కణుపు కాడ ఇరువు."

కొమ్ము అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తాను. మొదటి గుర్తు ఎక్కడ పెట్టినా, దానికి ముందున్న పూర్తి బొమ్మ దగ్గరికే జరిగేలా పది వరుసల కోడ్ రాశాను. ఈసారి మొదటి క్షణం నుంచే మనుషులు కనిపించారు. పైగా మేము కోరని మూడు సెకన్లు ముందు చేరాయి. వాటిలో పెళ్లికూతురు, మా చెల్లె, కెమెరా వైపు తిరిగి, "బాపూ, సూస్తున్నవా" అంటోంది. అప్పగింతలప్పుడు ఏడ్పుల హడావుడిలో ఆ మాట ఎవరికీ వినపడలేదు.

ఆ ముక్క పంపిన గంటకు చిన్నాయన ఫోన్ చేశాడు. "సూసిన బిడ్డా. చెల్లెకు చెప్పు, సూసిన అని."

మామ తీసిన పెళ్లి వీడియో నాలుగు గంటలు. చిన్నాయన ఫోన్‌లో ఇప్పటికీ తిరిగేది ఆ చిన్న ముక్కే. గడిచిన కాలంలోంచి ఏదైనా తీసుకోవాలనుకున్నప్పుడు, కావలసిన చోటుకంటే కొంచెం వెనక నుంచి మొదలుపెట్టడం నాకు అప్పుడే అలవాటైంది.