ఒక్క రోగానికి రెండు తీర్ల మర్యాద

నా కాలికి గొలుసు వేసింది పరాయోడు కాదు, మా అన్న. చొప్పదండిల మా ఇంట్ల మగ్గం గుంజకు కట్టేసిండు. 

ఆంధ్రప్రదేశ్ అయ్యి అప్పటికి ఐదారేండ్లు. నేను జైనూర్ దిక్కు ఒక గూడెంల సర్కారు బడి పంతులును. బట్టలు నేసే మా సాలోళ్ల ఇంట్ల నౌకరి దొరికిన మొదటోన్ని. ఒక వానకాలం నాకు నిద్ర అవసరం లేకుండ పోయింది. రెండు గంటలు పండుకుంటే చాలు, ఒళ్లు దూదిపింజ లెక్క తేలిపోయేది. పొద్దంత పిల్లలకు చదువు, పొద్దుగూకంగ పెద్దోళ్లకు చదువు. సందు దొరికితే అడవిబాట పట్టి చుట్టుపక్కల గూడేల పిల్లలను తోల్కచ్చుడు. ఒక్క నెల దినాలల్ల గోండి మాటలు నేర్చుకున్న. బడికి ఇంకో గది కావాలని నేనే మట్టి తొక్కి గోడ లేపిన. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ నా మెడల బంతిపూల దండ వేసి, ఇసొంటి పంతులు జిల్లాల లేడన్నడు. నేను గుక్క తిప్పకుండ మాట్లాడుతున్నననీ, అన్నం మర్చిపోతున్నననీ, ఊకె కోపానికి వస్తున్నననీ ఆయన చూడలే. బడి నడుస్తుంది కద, ఎవలికేం ఫికర్.

ఇంకో నెలకు, అడవిల కాలేజీ కట్టిస్తున్ననని, మంత్రి వస్తుండని గూడెం గూడెం తిరిగి చెప్పిన. గట్ల చెప్పకు పంతులూ అని ఆపిన గూడెం పటేల్ మీదికి కట్టె లేపిన. ఆ తర్వాత ఒకనాడు మంచంల నుంచి లేవలేకపోయిన. లేవాలన్న ఆలోచన కూడ రాలే. నాకు దండ వేసిన ఇన్‌స్పెక్టరే కాయితం మీద పిచ్చి అని రాసి నన్ను ఇంటికి పంపిండు.

అన్న ఒక భూతవైద్యున్ని పిలిపించిండు. అడవిల ఏదో పట్టిందన్నడు వాడు. వేపమండలతోని కొట్టిండు, ఎండుమిరపకాయల పొగ పెట్టిండు. నేను ఏడ్వలే. ఏడ్వనీకి లోపల ఏం లేకుండె. అది చూసి, దయ్యం మొండిదన్నడు. అప్పుడే గొలుసు వచ్చింది. గడపల నిలబడి చూసినోళ్లల్ల, నౌకరి రాకముందు మా ఊర్లె నా దగ్గర అచ్చరాలు దిద్దినోళ్లు కూడ ఉండిరి.

నా భార్య కాన్పుకు పుట్టింటికి పోయి ఉండె. ఎవలో చెప్తే నెలన్నర బిడ్డను ఎత్తుకొని బస్సు దిగి వచ్చింది. నన్ను చూసింది. బిడ్డను నా పక్కన పండబెట్టి అన్న ముంగట నిలబడ్డది.

"తాళపుచెవి ఇయ్యి బావా."

"వాడు ఉరికితే ఎవలు పట్టుకుంటరు?"

"ఉరికెటోడు మూడు దినాల సంది లేచి నీళ్లెందుకు తాగలే?"

అన్న తాళపుచెవి నేల మీద పడేసిండు.

కరీంనగర్ దవాఖాన డాక్టర్ పట్నంల పెద్ద డాక్టర్‌కు చిట్టీ రాసిచ్చిండు. ఆ పెద్ద డాక్టర్ నన్ను కాదు, ముందుగాల నా భార్యను అడిగిండు, మంచాన పడకముందు ఈయన ఎట్లుండె అని. ఆమె గోడ సంగతి, కాలేజీ సంగతి, పటేల్ సంగతి, భూతవైద్యుని సంగతి అన్నీ చెప్పింది. ఆయన నిమ్మలంగ విన్నడు.

"అది హుషారు కాదమ్మా, ఇది దయ్యం కాదు. రెండూ ఒక్కటే రోగం. తగ్గుతది, మల్ల వస్తది. కనిపెట్టుకొని ఉండాలె."

ఇప్పుడు దాన్నే బైపోలార్ అంటున్నరు. ఆ నాలుగు మాటలు చెప్పెటోడు దొరకక నేను పొగ మింగిన, దెబ్బలు తిన్న.

దవాఖానల ఉంచుకొని తలకు కరెంటు పెట్టిన్రు, గోలీలు ఇచ్చిన్రు. నోరు ఎండేది, చేతులు వణికేటియి. కరెంటు పెట్టినంక కొన్ని దినాలు నా బిడ్డ పేరు నాకు యాదికి రాలే. బాగైన, నిజమే. అయినా ఆ దినాల మీద నాకు కోపం పోలే.

నా పక్క మంచం మీద శ్రీరాంపూర్ బొగ్గుబాయిల పనిచేసే పిలగాడు ఉండె. నాదీ వానిదీ ఒక్కటే రోగం. వాని తల్లి, నా భార్య వరండాల కూసోని తమకు తెల్సింది చెప్పుకునేటోళ్లు. వానికి రోగం మొదలైతే అందరితోని కొట్లాట పెట్టుకుంటడని ఆమె చెప్తే, మా ఆయనకు నిద్ర తక్కువైతదని నా భార్య చెప్పింది. ఇంటికి వచ్చినంక కూడ చానా ఏండ్లు కార్డులు రాసుకున్నం. డాక్టర్ల కంటే ఎక్కువ ధైర్యం ఆ కార్డులు ఇచ్చినయి.

డాక్టర్ కాయితం చూపిస్తే నౌకరి మల్ల ఇచ్చిన్రు, ఇంటికి దగ్గరి ఊర్లె. రోగం ఇంకో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నా భార్యే ముందుగాల పసిగట్టింది. మొదటిసారి, నేను సంతోషంగ ఉంటే నీకు ఓర్వదా అని ఆమె మీద ఒర్రిన.  ఆమె సంచిల రెండు జతల బట్టలు పెట్టి నన్ను పట్నం బస్సు ఎక్కించింది.

ఒక్కసారి అన్నను అడిగిన, గట్లెందుకు చేసినవని. అప్పుడు ఎవలికి తెల్సు తమ్మీ అన్నడు. నా భార్యకు కూడ తెల్వదు కద, అయినా గొలుసు ఇప్పింది అని నేనన్న. ఆయన లేచి పోయిండు.

ఆయన చనిపోయిననాడు పాడె మోసిన. నా కండ్లల్ల నీళ్లు రాలే. గోలీలు మింగి మింగి గట్లైండని జనం అనుకున్నరు. గోలీల వల్ల కాదు.