వాన కొట్టిన ఏడు రాజమండ్రిలో ద్రాక్ష బుట్ట

కాదండీ, ఎండు ద్రాక్ష ఉడకబెడితే రసం రాక కాదు. వస్తుంది. కానీ మా చర్చిలో ప్రభు భోజన సంస్కారానికి ఏడాది పొడవునా పోసే రసం సువార్తమ్మగారే తయారుచేసేవారు. ఆవిడ పచ్చి నల్ల ద్రాక్ష తప్ప ఇంకోటి ముట్టుకునేవారు కాదు. "ఎండిపోయినదాన్ని నానబెడితే ప్రాణం లేచొస్తుందేంట్రా?" అనేవారు. మా కోనసీమలో ద్రాక్ష పండదు. వేసవి మొదట్లో హైదరాబాదు అవతలి తోటల నుంచి లారీల మీద రాజమండ్రి దిగేది. అప్పుడే ఒక బుట్ట తెచ్చి, పిండి, వడకట్టి, కాచి, సీసాల్లో పోసి బిరడా మీద మైనం కరిగించి పోస్తే మళ్ళీ వేసవి దాకా నిలిచేది. ఎనభైల మొదట్లో ఒక ఏడు ఆ బుట్ట కోసం నన్ను పంపించారు. అప్పటికి నాకు పదహారేళ్ళు. ఐదో తరగతితో బడి మానేసి అంబాజీపేటలో కొబ్బరికాయలు వలుస్తున్నాను.

ఏటా వెళ్ళే సంఘపెద్ద ఆ ఏడు జ్వరంతో మంచం పట్టారు. "కాయ సంగతి తెలిసినవాడు వీడొక్కడే" అని పాస్టరుగారు నా పేరు చెప్పారు. ఆ ఈస్టరుకే నేను మొదటిసారి బల్లలో చెయ్యి వేయాలి, అంటే అందరితోపాటు రొట్టె, రసం అందుకోవాలి. పాత సీసాల్లో అడుగున మిగిలింది ఈస్టరుకి ముందు వారం వచ్చే మట్టల ఆదివారం దాకా కూడా వచ్చేలా లేదు. నేను బుట్ట తేకపోతే పండగనాడు గిన్నె ఖాళీ. పైగా రసం అందుకునే ముందు లేచి నిలబడి, దేవుడు నాకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి. నలుగురిలో నోరు తెరవాలంటేనే నాకు చెమటలు పట్టేవి.

సంఘం కానుకలోంచి నలభై అయిదు రూపాయలు చేతిలో పెట్టారు. అంతకు ముందేడు బుట్ట నలభైకే వచ్చిందట. తెల్లవారుజామున అయిదింటికి అమలాపురంలో బస్సెక్కాను. కొత్తపేట మీదుగా రావులపాలెం చేరేసరికి బాగా వెలుతురొచ్చింది. అక్కడ పది నిమిషాలు ఆపితే అట్లు తినడానికి కూడా దిగలేదు, సీటు పోతుందని భయం. జొన్నాడ వంతెన మీద గోదావరి సగానికి పైగా ఇసుకే. వేమగిరి దాటాక ఎండ మొదలైంది. ఏడున్నరకి రాజమండ్రిలో దిగాను. టిక్కెట్టు ఆరున్నర, రానూపోనూ ఖర్చు నా కూలి డబ్బుల్లోంచే. బస్టాండు నుంచి పళ్ళ మార్కెట్టుకు నడిచి పావుగంట. దారి ఎవరినీ అడగలేక ఖాళీ బుట్టలు మోసుకెళ్ళే కూలీల వెనకాలే నడిచాను.

మార్కెట్టు గుమ్మంలో టీ తాగుతూ విన్న మొదటి మాటకే జేబు తడుముకున్నాను. "ఈ ఏడు డెబ్భైకి తక్కువ లేదండీ బుట్ట. తోటల్లో వాన కొట్టేసింది కదా" అంటున్నాడు టీ కొట్టతను ఎవరితోనో. లోపల వెదురు బుట్టలు వరసలుగా పెట్టి, ఒక్కో వరసకీ, తోటవాళ్ళ తరఫున అమ్మిపెట్టే షావుకారుగారు వేలం పాట పాడుతున్నారు. అరవై అయిదు దగ్గర మొదలై డెబ్భై, డెబ్భై అయిదు దాకా పోతోంది. నేను గొంతెత్తి అడిగేదీ లేదు, అడిగినా నా దగ్గరున్నదానికి ఎవరూ ఇచ్చేలా లేరు. అలా వరస వరసా వెనక్కి జరుగుతూ చివరి వరస దగ్గర కూలబడ్డాను. అక్కడ ఇంకా పాట మొదలవలేదు.

ఊరికే కూర్చోలేక ఒక గుత్తి చేతిలోకి తీసుకున్నాను. కొబ్బరి రాశి దగ్గర కూర్చుంటే మా చేతులు వాటంతటవే చేసే పని ఒకటుంది. కాయ తీసి చెవి దగ్గర పెట్టి ఊపుతాం, లోపల నీళ్ళు పలుకుతాయో లేదో అని. నేనూ అలాగే ఆ గుత్తిని చెవి దగ్గర పెట్టి గట్టిగా ఊపాను. ద్రాక్షపళ్ళన్నీ జలజలా రాలిపోయాయి, చొక్కా మీద, ఒళ్ళో, నేల మీద. నా చేతిలో కాడ మిగిలింది.

మార్కెట్టు మార్కెట్టంతా నవ్వింది.

"నీళ్ళున్నాయా బాబూ లోపల?" అన్నాడొక వ్యాపారి.

"కోనసీమేంటి మనది?" అన్నాడు ఇంకొకాయన.

"ఆయ్" అన్నాను తల వంచుకుని.

"అదీ సంగతి! పీచు వలిచి కూడా చూడమనండి ఓసారి!"

ఆ నవ్వుల్లోనే ఒక ముసలి వ్యాపారి నవ్వడం ఆపేశాడు. వంగి అదే బుట్టలోంచి ఇంకో గుత్తి తీసి ఊపాడు. అదీ రాలింది. పక్క బుట్టలోదీ అంతే. "తడిసిన కాయండోయ్ ఇది. తొడిమ వదిలేసింది, రేపటికి నిలవదు" అన్నాడు. అంతే, నిలబడ్డవాళ్ళంతా పక్క వరసకి జరిగిపోయారు. షావుకారుగారు నా మీదకొచ్చారు. "బేరం చెయ్యడానికొచ్చేవా, చెడగొట్టడానికొచ్చేవా? ఇప్పుడెవడు కొంటాడు దీన్ని?"

జేబులోంచి డబ్బులు తీసి చూపించి, "రసానికండీ... రాలిపోయినా పర్లేదండీ" అన్నాను. "ఎంతుంది?" "నలభై అయిదండీ." ఆయన చీదరగా బుట్టల వెనక్కి చూశారు. అక్కడ బోర్లించిన బుట్ట మీద కూర్చున్న ఒక పెద్దాయన, మాసిన తెల్ల ధోవతి, లారీతోపాటే రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన మనిషి, నెమ్మదిగా లేచాడు. "నలభైకి ఇయ్యిండ్రి షావుకారూ. అయిదు పోరడు బస్సుకు పెట్టుకుంటడు" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, నేను నవ్వులపాలు చేసింది ఆయన తోటనని.

ఆయనే స్వయంగా బుట్ట మీద గోనె కప్పి తాడు కట్టాడు. నాకు ఏడుపొస్తోంది. "నేను ఊపకపోతే మీకు డెబ్భై వచ్చేదండీ" అన్నాను, ఎలాగో.

"నువ్వు ఊపకున్నా పొద్దుమీకేసరికి అవే రాలుతుండె బిడ్డా. కొన్నోడు నన్ను తిట్టుకుంట ఉంటుండె" అన్నాడు. ముడి బిగిస్తూ మళ్ళీ ఆయనే చెప్పాడు: "పోయినేడు కాయ మస్తుగ వచ్చింది. ఎవని తోట జూసినా కాయనే. రేటు పడిపాయె, కోసిన కూలికి గూడ సాలలేదు. ఈయేడు రేటున్నది. కోతకు నాలుగొద్దుల ముంగట వాన గొట్టింది. నా అసొంటోళ్ళ కాయ పోయింది గాబట్టే కదా రేటు లేసింది."

"రసం ఎందుకు ఇంత?" అని అడిగాడు. చర్చి సంగతి, ఈస్టరు సంగతి చెప్పాను. ఆయన ఆ వరస బుట్టల అడుగున రాలిన కాయంతా రెండు చేతులతో ఎత్తి నా సంచి నిండా పోశాడు. డబ్బు తీయబోతే చెయ్యి పట్టుకున్నాడు. "దేవుని దగ్గరికి పోతున్నదంటే, మంచిగనే పోతున్నది నా కాయ. ఇయాల్నే పిండుండ్రి, రేపటికి పులుస్తది" అన్నాడు.

పదకొండున్నర బస్సుకి కండక్టరు బుట్ట పైకెక్కించబోయి ఆగాడు. "పైనేస్తే ఈ ఎండకి నువ్వు ఊళ్ళో పిండక్కర్లేదు, రావులపాలానికే రసం కారుద్ది" అని డ్రైవరు వెనక సీటు కింద పెట్టించాడు. లగేజీకి రూపాయిన్నర రాశాడు. అయినా కారింది. ముందు సీట్లో మామ్మగారు కాళ్ళు పైకి ముడుచుకుని, "ఏం తెచ్చేవు నాయనా, నా చెప్పులు అంటుకుపోతున్నాయి" అన్నారు. సంగతి చెప్తే, "అయితే అంటనీలే" అని మళ్ళీ కాళ్ళు దించారు.

సాయంత్రం ఎండ ఉండగానే సువార్తమ్మగారు పిండడం మొదలుపెట్టారు. ఒక గుక్క రుచి చూసి, "వాన తాగిన కాయరా. నీళ్ళపాలెక్కువ. ఇంకాస్సేపు కాస్తే సరి" అన్నారు. ఏటా ఎనిమిది సీసాలయ్యేవి. ఎక్కువ సేపు మరిగించినా ఆ ఏడు పదకొండయ్యాయి.

ఈస్టరునాడు పాస్టరుగారు నా పేరు పిలిచారు. రాసుకున్న సాక్ష్యం కాగితం జేబులోనే ఉంది, కానీ తీయలేదు. "ఒకాయన తోట తడిసిపోయిందండీ. దానివల్ల మనకి రసం వచ్చింది. ఆయన కోసం ప్రార్థన చేయండి" అన్నాను. నా జన్మలో నలుగురిలో లేచి నిలబడి మాట్లాడిన మొదటి మాటలవి. పాస్టరుగారు, "ఆయన పేరేంటి బాబూ?" అన్నారు. నేను అడగనేలేదు, సిగ్గేసి. వెనక నుంచి సువార్తమ్మగారు, "పేరు లేకపోతే దేవుడికి తోట తెలీదేంటండీ, కానివ్వండి" అన్నారు. అందరూ తలలు వంచారు. తర్వాత గిన్నె నా దాకా వచ్చింది. ఆ ఏడు రసం కాస్త పలచనగానే ఉంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నేనే వెళ్ళాను. కాయ చవకైన ఏళ్ళున్నాయి, మండిపోయిన ఏళ్ళున్నాయి. చవకైతే లాభం అనుకుని బుట్ట ఎత్తుకోవడం మాత్రం నా వల్ల కాలేదు. వెళ్ళిన ప్రతిసారీ చివరి వరసదాకా నడిచేవాణ్ణి. ఆయన మళ్ళీ కనబడలేదు. కనబడితే చెప్పాల్సిన మాట ఒక్కటే, మీ కాయ వృథా పోలేదండీ అని. మీరు రసం కోసమే వెళ్తుంటే గుత్తుల కాయ అడక్కండి. పాట అయిపోయే వేళ దాకా ఆగి రాలిన కాయ అడగండి, సగం ధరకే ఇస్తారు. పన్నెండు లోపు బస్సెక్కి ఆ సాయంత్రమే పిండేయండి. డబ్బిచ్చేటప్పుడు ఆ కాయ ఏ తోటదో, ఆ మనిషి పేరేంటో కూడా అడగండి. నాకంటే సిగ్గు. మీకేమడ్డం?